పడమటి గోడ మీద పేరయ్య

పండూ, అటు జరగరా, లల్లి కాళ్ళు మంచం బయటికొచ్చేశాయి. ఆ, ఇప్పుడు బాగుంది. మధ్యలో నిద్దరపోయి, పొద్దున్నే మళ్ళీ మొదట్నించీ చెప్పమని నా ప్రాణం తీయకూడదు, ముందే చెప్తున్నా. ఊ కొడుతూ ఉండాలి. మీ ఊ ఆగిందంటే నా కథా ఆగుతుంది.

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మా అమ్మమ్మకి వాళ్ళమ్మమ్మ చెప్పిన నాటి మాట. ఏటి అవతల, వానొస్తే మూడు పక్కలా నీళ్ళూ ఒక్క పక్క దారీ మిగిలే ఒక ఊళ్ళో, ఒక పెంకుటిల్లు. ఆ ఇంటాయన పేరయ్య. ఆయన పెళ్ళాం బుల్లెమ్మ. వాళ్ళకి ఒక్కడే కొడుకు, గవర్రాజు.

ఈ పేరయ్యకి ఇల్లంటే పిచ్చి. కొందరికి ఎడ్ల పిచ్చి ఉంటుంది, కొందరికి పేకాట పిచ్చి ఉంటుంది, ఆయనకి ఇంటి పిచ్చి. ఎండలు ముదిరాయంటే చాలు, నిచ్చెనేసుకుని కప్పెక్కి, జారిన పెంకు సర్ది, పగిలిన పెంకు తీసి కొత్తది పెట్టేవాడు. చూరు కింద నీళ్ళు పోవడానికి తాటిదోనె ఉండేది, అదే, తాటిచెట్టు మానుని నిలువునా చీల్చి తొలిచిన దోనె. దాంట్లో ఆకూ అలమూ లేకుండా చేత్తో తోడేసేవాడు. అది అయ్యాక గోడలు గీకి సున్నం. సున్నం అయ్యాక తలుపులకి నూనె. నూనె అయ్యాక మెట్ల మీద పాచి. పాచి అయ్యాక అప్పుడు స్నానం, అప్పుడు అన్నం. బుల్లెమ్మ కింద నిలబడి నిచ్చెన పట్టుకునేది, పెంకులు అందించేది, సున్నం కలిపేది. వాళ్ళిద్దరూ అలా పనిచేస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళట.

అట్లాంటి పేరయ్యకి ఒక వానాకాలంలో చలిజ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం తగ్గలేదు. ఆయన పోయాడు.

ఊ అనండమ్మా. పోయాడంటే ఊ అనకూడదని ఏం లేదు.

ఆ తరవాత ఏడాది ఆ ఇంటిని ఎవరూ ముట్టుకోలేదు. ఆ పై ఏడాది వానలు పడ్డాయి. పెరటి వసారాలో పడమటి గోడ మీద ఒక మరక లేచింది. ముందు అరిచెయ్యంత. నాలుగు వానలు పడేసరికి చేటంత. ఇంకాస్త ముసురు పట్టేసరికి, నల్లగా పచ్చగా, భుజాలొచ్చాయి, మెడొచ్చింది, తల వచ్చింది, తల మీద తలపాగా చుట్టినట్టు ఒక చుట్ట కూడా వచ్చింది.

పక్కింటి సింగమ్మ మజ్జిగ కోసం వచ్చి దాన్ని చూసింది. చూసి, చేతిలో గిన్నె అక్కడే పారేసి, పేరయ్యగారొచ్చారో అని అరుస్తూ పరిగెత్తింది. సింగమ్మకి తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టే. మధ్యాహ్నానికి ఊరంతా, పేరయ్య దెయ్యమై గోడకి అంటుకున్నాడని చెప్పుకోవడం మొదలుపెట్టింది. గవర్రాజు మంచివాడేగానీ, వాడి బుర్ర మిగతా ఒంటికంటే కాస్త ఆలస్యంగా లేచేది. వాడు ఆ వసారా వైపు వెళ్ళడమే మానేశాడు. పెరట్లోకి వెళ్ళాలంటే ఇంటి చుట్టూ తిరిగి వెళ్ళేవాడట.

మరి బుల్లెమ్మ భయపడిందా? భయపడలేదు. పీట తెచ్చుకుని ఆ గోడ ముందు వేసుకుని కూర్చుంది.

కూర్చుని కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. నల్లావు ఈనిందండీ, పెయ్యదూడ. కంద బాగా ఊరింది. గవర్రాజు చెప్పులు తెగ్గొట్టుకున్నాడు, వాడు నడుస్తాడో దున్నుతాడో తెలీదు. ఇలాంటివి. పొద్దున కాసేపు, మధ్యాహ్నం చాలాసేపు. ఎండాకాలం వస్తే ఆ మరక ఎండి, పొడిబారి, మాసిపోయేది. అప్పుడు బుల్లెమ్మ సరిగ్గా తినేది కాదు, ఎవరితోనూ మాట్లాడేది కాదు. మళ్ళీ వానలు పడి మరక లేస్తే మళ్ళీ మనిషయ్యేది.

లల్లీ, ఏంటి? దెయ్యం తిరిగి మాట్లాడేదా అంటావా? లేదు. గోడ ఏం మాట్లాడుతుంది. వినేది, అంతే.

ఇంక బుల్లెమ్మ ఒక కట్టడి పెట్టింది. కప్పు ఎవరూ ఎక్కకూడదు. గోడ ఎవరూ గీకకూడదు. సున్నం అనే మాట ఇంట్లో వినపడకూడదు. ఆయన ఉన్నచోట ఆయన్ని ఉండనివ్వండి అనేది. ఊరివాళ్ళు సరేనన్నారు, వాళ్ళకేం పోయింది. కానీ ఇల్లు ఊరుకుంటుందా? ఇల్లు ఇల్లే కదా. వాన దాన్ని తడిపింది, ఎండ దాన్ని ఎండబెట్టింది. మెట్ల మీద పాచి పట్టింది. పాచి మీద పాచి పట్టింది. వీధి తలుపు బూడిదరంగుకి తిరిగి, వానాకాలం ఉబ్బి మూసుకోదు, ఎండాకాలం బీటలిచ్చి, వంకరపోయి తెరుచుకోదు. అరుగు మీద స్తంభం మొదట్లో చెదలు పుట్ట పెట్టింది. ఇత్తడి గొళ్ళేనికి చిలుం పట్టి పచ్చగా అయిపోయింది. చుట్టాలు రావడం మానేశారు. గవర్రాజుకి పిల్లనిస్తామని వచ్చినవాళ్ళు వీధిలోంచే ఇల్లు చూసి, బండి దిగకుండానే వెళ్ళిపోయేవాళ్ళు.

ఆఖరికి ఒక సంబంధం కుదిరింది. పై ఊరి పిల్ల, తాయారు. దెయ్యం సంగతి వాళ్ళకి తెలీదనుకున్నారా? తెలుసు. సింగమ్మే పనిగట్టుకుని వెళ్ళి చెప్పొచ్చింది. తాయారు వాళ్ళమ్మని అడిగిందట, ఆ దెయ్యం ఎవర్నైనా కొట్టిందా, కరిచిందా అని. లేదన్నారు. అబ్బాయి కొడతాడా, కరుస్తాడా అని అడిగింది. వాడా, వాడు చీమని చూసి పక్కకి తప్పుకుంటాడన్నారు. అయితే సరే అందిట.

పెళ్ళయింది. కొత్త కోడలు గడప దాటాలి. పట్టుచీర కట్టుకుని, కుడికాలు ముందు పెట్టి మెట్టెక్కబోయింది. సర్రున జారి, వెల్లకిలా పడబోయి, గవర్రాజు భుజం పట్టుకుని ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బో అన్నారు, అయ్యో అన్నారు, అపశకునం అన్నారు. సింగమ్మైతే, మావగారికి ఇష్టం లేదు కామోసు అంది. తాయారు వంగి, మెట్టు మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకుని,

"పాచి అండీ," అంది. అంతే. చీర ఎత్తిపట్టుకుని జాగ్రత్తగా లోపలికెళ్ళింది.

ఊ కొడుతున్నారా? పండు ఊ వినపడలేదు నాకు. ఆ.

మర్నాటి నుంచీ తాయారు పని మొదలుపెట్టింది. అత్తగారు వద్దన్నవి ముట్టుకోలేదు. వద్దననివి మాత్రం వదల్లేదు. మెట్లని ఎవరూ వద్దనలేదు కదా. ముందు పగిలిన పెంకుముక్కతో పాచి గీకింది. తరవాత ఇసకా బూడిదా కలిపి కొబ్బరిపీచుతో రుద్దింది. రుద్ది, కడిగి, ఎండనిచ్చి, సందుల్లో ఉప్పు చల్లింది, మళ్ళీ పాచి పట్టకుండా. రాయి రంగు బయటపడింది. ఎర్రరాయిట అది, ఊళ్ళో అందరూ మర్చిపోయి నల్లరాయనుకున్నారు!

మెట్లయ్యాక తలుపు. కుంకుడుకాయ పులుసుతో కడిగి, నీడలో ఆరబెట్టి, గరుకాకుతో నునుపు చేసి, నూనె పట్టించింది. ఒక పూట పట్టించి ఊరుకుంటే తాగదు. పట్టించాలి, ఆరనివ్వాలి, మళ్ళీ పట్టించాలి. తలుపయ్యాక గొళ్ళెం, చింతపండుతో. గొళ్ళెం అయ్యాక స్తంభం, చెదలు దులిపి వేపనూనె. బుల్లెమ్మ దూరం నుంచి చూస్తూ ఉండేది. ఏమీ అనేది కాదు. ఒకసారి మాత్రం, నూనె ఎక్కువైంది, బట్టతో ఒత్తి తుడువు, లేకపోతే దుమ్మంతా అంటుకుంటుంది అంది. అని, ఎందుకన్నానా అన్నట్టు మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

తాయారు ఆ మాట గుర్తుపెట్టుకుంది. ఈవిడకి ఇల్లు చూసుకోవడం తెలుసు. తెలిసీ ఎందుకు వదిలేసింది? అని.

పెరటి వసారా దగ్గరికి వచ్చేసరికి బుల్లెమ్మ చెప్పేసింది. ఇక్కడితో ఆగిపో అమ్మాయ్, ఆ గోడ జోలికి వెళ్ళకు, అక్కడ మీ మావయ్య ఉన్నారు. తాయారు సరేనంది. వాదించలేదు. ఆవిడకి అన్నం అక్కడికే తెచ్చిపెట్టేది. తను కూడా గుమ్మంలో కూర్చుని, బియ్యం ఏరుకుంటూ, ఆవిడ చెప్పే కబుర్లు వినేది.

వానలు మొదలయ్యాయి. మరక లేచింది. ఈసారి నడుం దాకా వచ్చింది. బుల్లెమ్మ నీళ్ళు పోసుకోవడానికి వెళ్ళినప్పుడు తాయారు ఆ గోడ మీద వేళ్ళతో తట్టి చూసింది. బోలు. చప్పుడు కుండ తట్టినట్టు వస్తోంది. మరక పైకి చూసింది. మరక పైన చెమ్మ. చెమ్మ పైన దూలం. ఆ దూలం చివర గోడలోకి దిగిన చోట నల్లగా మెత్తగా అయిపోయి ఉంది. దాని పైన కప్పు, కప్పు పైన ఏముందో కింద నుంచి కనపడదు.

తాయారు మొగుడికి చెప్పింది. ఏవండీ, గోడ పాడైపోతోంది, అత్తయ్య రోజూ దాని కిందే కూర్చుంటున్నారు, ఏదో ఒకటి చెయ్యండి అని. గవర్రాజు రెండ్రోజులు ఆలోచించాడు. మూడోనాడు వాళ్ళమ్మ ఏటికి వెళ్ళినప్పుడు, కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, బాన నిండా సున్నం కలిపి ఆ గోడ మీద కుమ్మరించాడు. గీకలేదు, తోమలేదు, ఆరనివ్వలేదు. తడి మీదే, పాచి మీదే, అలాగే. తెల్లగా మెరిసిపోయింది గోడ. తను చాలా గొప్ప పని చేశాననుకున్నాడు పాపం.

బుల్లెమ్మ వచ్చి చూసింది. కేకలు వెయ్యలేదు, తిట్టలేదు. పీట మీద కూర్చుని ఆ తెల్లటి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ పూట తినలేదు. మర్నాడూ తినలేదు. గవర్రాజు కాళ్ళ మీద పడ్డా వాడితో మాట్లాడలేదు.

ఆ తరవాత పెద్ద వాన పడింది. పాచి మీద పూసిన సున్నం నిలుస్తుందా? పెచ్చులు పెచ్చులుగా లేచి కింద పడింది. లోపల్నుంచి మరక మళ్ళీ బయటపడింది, ముందుకంటే పెద్దగా. చుట్టూ తెలుపు, మధ్యలో నలుపు, అచ్చంగా మనిషి నిలబడ్డట్టే. సింగమ్మ గోడ మీంచి తొంగిచూసి, పేరయ్యగారికి కోపమొచ్చింది, ఈ వీధికే కీడు అని చాటింపు వేసింది. గవర్రాజు వణికిపోయాడు. బుల్లెమ్మ ఒక్కతే సంతోషించింది. లేచి మొహం కడుక్కుని, అన్నం పెట్టమని తినేసి, మళ్ళీ పీటేసుకు కూర్చుంది. ఇంక అక్కడ్నుంచి లేవనే లేదు. వాడు మిమ్మల్ని తుడిచేద్దామనుకున్నాడండీ, మీరు పోతారా, అంటూ ఒకటే నవ్వు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. లల్లీ, వేలు నోట్లోంచి తియ్యి.

ఒకనాడు మధ్యాహ్నం. గవర్రాజు పొలానికి వెళ్ళాడు. వాన కుండపోత. తాయారు వంటింట్లో ఉంది. వసారాలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు. వచ్చి చూస్తే, గోడ పైనుంచి మట్టి రాలుతోంది, బుల్లెమ్మ భుజం మీద పడుతోంది. దూలం చివర కిందికి ఒంగింది.

"అత్తయ్యా, లెండి. దూలం ఒంగింది."

"ఒంగనీ."

"మట్టి రాలుతోంది అత్తయ్యా."

"రాలనీ."

తాయారు చెయ్యి పట్టుకు లాగబోయింది. ఆవిడ విదిలించుకుంది. ఆవిడ గట్టి మనిషి, లాగితే వచ్చే రకం కాదు. తాయారు ఒక్క క్షణం నిలబడింది. తరవాత కొంగు దోపుకుని, వచ్చి, ఆవిడ పక్కనే, ఆ గోడకే చేరబడి కింద కూర్చుంది.

"నువ్వెందుకే ఇక్కడ? లే!"

"మీరు కూర్చున్నారుగా."

"నేను ముసలిదాన్ని. నాకేమైనా పర్వాలేదు."

"గోడకి ముసలీ పడుచూ తెలుసా అత్తయ్యా?"

మట్టి రాలుతూనే ఉంది. ఈసారి పెద్ద పెళ్ళ ఒకటి తాయారు కాళ్ళ దగ్గర పడింది. బుల్లెమ్మ గాభరాపడింది.

"లేవే పిల్లా, మీద పడుతుంది! లే అంటుంటే!"

"అయితే పడుతుందని మీకు తెలుసన్నమాట," అంది తాయారు.

బుల్లెమ్మ కోడలి మొహంలోకి చూసింది. తరవాత తనే ముందు లేచి, తాయారు రెక్క పట్టుకుని, వసారాలోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి నడవాలోకి ఈడ్చుకొచ్చేసింది. వాళ్ళు వచ్చిన కాసేపటికి వెనకాల దభీమని చప్పుడు. తొంగిచూస్తే, గోడ పైభాగం గిలాబా, అదే, మెత్తిన పూత, అంతా ఊడి పీట మీద పడింది. పీట రెండు చెక్కలైంది. మరక మాత్రం కింద అలాగే ఉంది.

అత్తా కోడళ్ళు నడవాలో కూలబడ్డారు. తాయారు నీళ్ళిచ్చింది. తాగి, ఆవిడ అప్పుడు చెప్పింది, కొడుక్కి కూడా చెప్పని సంగతి.

"మీ మావయ్యకి జ్వరం ఊరికే రాలేదమ్మా. ఆ ఏడు ఎండాకాలం ఎద్దుకి జబ్బు చేసింది. దాని చుట్టూ తిరగడంతోనే సరిపోయింది, కప్పు సంగతి చూసుకోలేదు. ముసురు పట్టాక పడమటి పక్క కారడం మొదలైంది. ఆయన ఉండలేరు కదా. అబ్బాయి పొలానికెళ్ళాడు, ఆయనే నిచ్చెనేశారు. వద్దండీ అన్నాను. వాన తగ్గాక ఎక్కుదురుగాని అన్నాను. వినలేదు. కింద నిచ్చెన పట్టుకుని, చాలు దిగండి, ఇంక దిగండి అని అరుస్తూనే ఉన్నాను. ఒక్క పెంకు, ఇంకొక్క పెంకు అంటూ ఆ వానలోనే ఉండిపోయారు. దిగేసరికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంక లేవలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ ఇల్లే ఆయన్ని తినేసింది. ఇంక దీనికి నేనెందుకు సేవ చెయ్యాలి? నా కొడుకుని కూడా ఎందుకెక్కించాలి? పోతే పోనీ అనుకున్నాను. అప్పుడు గోడ మీద ఆయన కనపడ్డారు. ఇంక ముట్టుకోనిస్తానా?"

తాయారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడవనిచ్చింది. ఏడుపు తగ్గాక మెల్లిగా అడిగింది.

"అత్తయ్యా, మావయ్య ఎండాకాలమే ఎక్కి ఉంటే, వానలో ఎక్కాల్సిన పని పడేదా?"

"పడేది కాదు."

"మరి మీరు మీ అబ్బాయిని ఎండాకాలంలో ఎక్కనివ్వలేదు. ఇప్పుడు దూలం ఒంగింది. కప్పు ఈ వానలోనే పడిపోయేట్టుంది. ఇంక మీ అబ్బాయి ఎప్పుడు ఎక్కాలి?"

బుల్లెమ్మ తలెత్తి కప్పుకేసి చూసింది. బయట వాన కురుస్తూనే ఉంది. సరిగ్గా ఏది జరక్కూడదని ఇన్నేళ్ళూ కాపలా కాసిందో, దాన్ని తనే తెచ్చి గుమ్మంలో నిలబెట్టుకుందని అప్పుడర్థమైందావిడకి.

గవర్రాజు తడిసి ఇంటికొచ్చాడు. చూశాడు. వెంటనే నిచ్చెన కోసం పరిగెత్తబోయాడు. బుల్లెమ్మ వాడి చొక్కా పట్టుకుని ఆపింది. ఇన్నాళ్ళకి వాడితో మాట్లాడింది.

"ఎక్కకు. తాటిదుంగ తీసుకురా. కింద నుంచి దూలానికి ఆసరా పెట్టు. దుంగ కింద పలక వెయ్యి, లేకపోతే తడినేలలోకి దిగిపోతుంది. పైన తాటాకులు కప్పాలంటే గెడకర్రతో కింద నుంచే తోసుకో. వానలు వెనక్కి తగ్గి, పెంకులు ఎండాక ఎక్కుదువుగాని. నేను చెప్తాను ఎప్పుడు ఎక్కాలో."

గవర్రాజు నోరెళ్ళబెట్టాడు. వాళ్ళమ్మ అన్ని మాటలు మనుషులతో మాట్లాడి ఎంతకాలమైందో వాడికే గుర్తులేదు.

దూలం నిలబడింది. వానాకాలం గడిచింది. ఆ మిగిలిన రోజులన్నీ బుల్లెమ్మ వసారాలోకి వెళ్ళలేదు, గుమ్మంలో కూర్చుని దూరంగా ఆ గోడని చూసేది. కబుర్లు చెప్పేదో లేదో మరి, పెదాలైతే కదిలేవి.

మంచు కురవడం మొదలయ్యాక, బాగా ఎండెక్కిన ఒక పూట, ఇంక ఎక్కరా అంది. వాడి నడుముకి తాడు కట్టింది. నిచ్చెన కిందా పైనా కట్టించింది. ఒక పక్క తాయారు, ఒక పక్క తను పట్టుకున్నారు. గవర్రాజు ఎక్కాడు. ఎక్కి, పైనుంచి అరిచాడు.

గోడ మీద మరకెందుకంటే, పైన చెమ్మ. చెమ్మెందుకంటే, పైన దూలం తడిసింది. దూలం ఎందుకు తడిసిందంటే, పైన పెంకు జారింది. పెంకెందుకు జారిందంటే, సందులో రావిమొక్క మొలిచి పక్కకి నెట్టింది. రావిమొక్కకి నీళ్ళెక్కడివంటే, తాటిదోనె నిండా ఏళ్ళ తరబడి ఆకులు కుళ్ళి మట్టయిపోయి, నీళ్ళు పోయే దారి లేక వెనక్కి మళ్ళి కప్పులోకి దిగుతున్నాయి. గుప్పెడు ఆకులమ్మా! ఆ గుప్పెడు ఆకులు తీసేవాళ్ళు లేక ఇల్లంతా కదిలిపోయింది.

అంటే పైనుంచి కిందికి రావాలి పని. ముందు దోనె తోడారు. దోనె అయ్యాక మొక్క, వేరుతో సహా. మొక్క అయ్యాక పెంకు. పెంకయ్యాక దూలం, కుళ్ళినంత మేర కోసేసి కొత్త చెక్క అతికించారు. దూలం అయ్యాక గోడ.

గోడ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. గవర్రాజు వాళ్ళమ్మకేసి చూశాడు. తాయారు చేతిలో కొబ్బరిపీచు బురుసు పట్టుకుని అలాగే నిలబడింది. మరక ఎండి, బూడిదరంగుకి తిరిగి, సన్నగా ఉంది.

బుల్లెమ్మ వచ్చి కోడలి చేతిలోంచి ఆ బురుసు తీసుకుంది.

తడపలేదు. ఎండు పాచి ఎండుగానే గీకాలి, తడిపితే గోడలోకి పాకుతుంది. కింద నుంచి మొదలుపెట్టింది. నడుం దగ్గర గీకింది. పొడి రాలింది. చేతుల దగ్గర గీకింది. భుజాలు గీకింది. మెడ దాకా వచ్చి ఆగిపోయింది. తలా, తలపాగా, అంతే మిగిలాయి గోడ మీద. బురుసు దింపి ఎంతసేపు నిలబడిందో. గవర్రాజు నేను చేస్తానమ్మా అనబోతే తాయారు వాడి చెయ్యి నొక్కింది.

"చాలు," అంది బుల్లెమ్మ గోడతో. "ఇంక దిగండి."

అని, మిగిలింది గీకేసింది.

తరవాత సున్నపునీళ్ళతో కడిగారు. ఆరనిచ్చారు. ఊడిన చోట సున్నం, ఇసక, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి గిలాబా చేశారు. ఆరనిచ్చారు. గవర్రాజు తొందరపడి సున్నం బాన ఎత్తబోతే, వాళ్ళమ్మ వాడి మీద విరుచుకుపడింది. ఎన్నాళ్ళు నాననిచ్చావురా సున్నం? వడకట్టావా? అంత చిక్కగానా? గోడకి పూస్తావా, పిడకలు కొడతావా? పలచగా వేసి, ఆరాక మళ్ళీ వెయ్యాలిరా, ఆరాక మళ్ళీ! అని. వాడు తిట్లు తింటూ నవ్వుతున్నాడు. నవ్వుతూ ఈతకుంచెతో వేశాడు. ఒక పూత, ఆరాక ఒక పూత, అదీ ఆరాక ఇంకో పూత.

లల్లి పడుకున్నట్టుంది. పండూ, నువ్వైనా ఊ అంటున్నావా? అయిపోవచ్చింది.

పై ఏడు ఎండాకాలంలోనే కప్పు చూసుకున్నారు. వానలొచ్చాయి. మొదటి వానకే సింగమ్మ గోడ మీంచి తొంగిచూసింది, పేరయ్యగారొచ్చారేమోనని. గవర్రాజుకీ భయంగానే ఉంది, దెయ్యం వస్తుందని కాదు, రాకపోతే వాళ్ళమ్మ ఏమైపోతుందోనని. ముసురు పట్టింది, వదిలింది. మళ్ళీ పట్టింది. గోడ పొడిగా, తెల్లగా, అలాగే ఉంది.

బుల్లెమ్మ ఆ గోడ ముందు కాసేపు నిలబడింది. అరిచెయ్యి ఆనించి చూసింది. తడి లేదు. తరవాత లోపలికి కేకేసింది.

"తాయారూ, ఉప్పుడు ధాన్యం ఇక్కడ పొయ్యవే, ఇంట్లో ఇంత పొడిచోటు ఇంకోటి లేదు. వచ్చేటప్పుడు నీ పీట కూడా తెచ్చుకో. నిన్న సింగమ్మ ఏమందో తెలుసా నీకు?"

అంతే. ఆ కబుర్లన్నీ ఆ రోజు నుంచీ కోడలికే. పొద్దున కాసేపు, మధ్యాహ్నం చాలాసేపు. తాయారు తిరిగి జవాబు చెప్పేది, ఒక్కోసారి ఎదురు కూడా చెప్పేది, దానికి బుల్లెమ్మ గయ్యిమనేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. పేరయ్య గురించి కూడా చెప్పుకునేవాళ్ళు, ఆయనేం తినేవాడు, ఎలా అలిగేవాడు, అన్నీను. తరవాత ఊళ్ళో ఎవరి గోడ చెమర్చినా బుల్లెమ్మగారు ఒకసారి వచ్చి చూడండి అని పిలుచుకెళ్ళడం అలవాటైంది. ఆవిడ వెళ్ళి గోడ చూసేది కాదు. వీధిలోనే నిలబడి, తలెత్తి కప్పు చూసేది. సింగమ్మ ఇంటికి కూడా వెళ్ళింది, ఆవిడ గోడ మీదా ఏదో ఏనుగు తలలాంటిది లేచిందట. ఈసారి సింగమ్మ అరవలేదు, చీపురు తెచ్చుకుంది. అందరూ సుఖంగా ఉన్నారు.

అందుకే నేను చెప్పేది వినండి. పాచి పట్టినప్పుడే గీకాలి, పట్టనిచ్చి పూత పూస్తే లాభం లేదు. గోడ తడిస్తే పైకి చూడాలి. ఎండ ఉన్నప్పుడు చేసుకునే పని వానలోకి నెట్టకూడదు. ఎవరైనా గోడతో మాట్లాడుతుంటే నవ్వకుండా వెళ్ళి పక్కన కూర్చోవాలి. రేపు ఎండొస్తే ఇద్దరూ నాతో రండి, నూతి గట్టు జారుతోంది, కొబ్బరిపీచు నేను తెస్తా.

పండూ? ఒరే పండూ? ఊఁ లేదు. సరే. కథేమో కంచి బండెక్కింది, మనం దుప్పట్లోకి దూరాం.